పారేసిన ఉత్తరం

“మళ్లీ నొక్కు.”

కోడలు మళ్లీ నొక్కింది. పొద్దున్నుంచి ఇది ఎనిమిదోసారో తొమ్మిదోసారో. ఫోన్ తెర మీద చిన్న గుండ్రం కాసేపు తిరిగి ఆగిపోయింది. గొంతు వినపడలేదు.

“ఇంకోసారి నొక్కు.”

“ఎన్నిసార్లు నొక్కినా ఇంతే అత్తయ్యా. అక్కడ ఏమీ లేదు.”

“లేకపోవడమేంటి? నిన్న విన్నాను కదా! పదిహేడో భాగం. ఆ పిల్ల రైలు దిగింది, తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు, పెట్టె మీద కూర్చుంది. అక్కడ ఆపాను. ఇవాళ పద్దెనిమిది వినాలి.”

కోడలు గుమ్మం వైపు చూసింది. మరిది చిన్నోడు చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. వదిన ఫోన్ చెయ్యగానే ఆఫీసులో చెప్పాపెట్టకుండా వచ్చేశాడు.

ఆ ఫోన్‌లోంచి రావలసిన గొంతు పెద్దోడిది. అత్తగారికి పెద్ద కొడుకు, కోడలికి భర్త. లిఫ్ట్ మెకానిక్. పదకొండు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున పళ్లు తోముకుంటూ తోముకుంటూ కూలబడిపోయాడు. మళ్లీ లేవలేదు.

అత్తగారికి చూపు మసకబారి నాలుగేళ్లయింది. ఏ అద్దానికీ లొంగని మసక అది. చదువుకునే మనిషికి చదువు పోయిందని పెద్దోడు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వంటింటి గడప మీద కూర్చుని రోజుకో భాగం చొప్పున నవలలు పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసేవాడు. తను పనిలో ఉండే వేళ అమ్మ వింటుందని. మధ్యలో దగ్గేవాడు. “అమ్మా, ఇక్కడ పేజీ చిరిగిపోయింది, ఏం జరిగుంటుందో నేనే చెప్పేస్తున్నా” అని కల్పించేవాడు. ఒక్కోసారి కథ ఆపేసి, ఆ రోజు మూడో అంతస్తులో ఇరుక్కుపోయిన లావుపాటి వకీలు సంగతి చెప్పి తనే పడీపడీ నవ్వేవాడు. అలాంటివి నూట నలభై పైచిలుకు.

అవి ఫోన్‌లో ఉండేవి కావు. ఒక కంపెనీ దగ్గర దాచినవి. ఫోన్ అక్కణ్ణుంచి తెచ్చి వినిపించేది, అంతే.

చిన్నోడు ఫోన్ అందుకుని అటూ ఇటూ చూశాడు. “ఆ కంపెనీ వాళ్లు ఈ పాత సర్వీసు ఎత్తేశారమ్మా. నిన్న సాయంత్రంతో.”

“ఎత్తేసేటప్పుడు ముందుగా ఒక మాట చెప్పరా? అద్దెకున్నవాణ్ణి పొమ్మనేటప్పుడైనా నెల ముందు చెబుతారే!”

చిన్నోడు వదిన వైపు చూడకుండా చెప్పులు విప్పుకున్నాడు.

“చెప్పారత్తయ్యా,” అంది కోడలు. “మూడు వారాల కింద నాకు మెయిలొచ్చింది. నేనే తీసిపారేశాను.”

అత్తగారు కేకలు వేస్తుందనుకుంది. వెయ్యలేదు. మంచం పట్టె తడుముకుని నెమ్మదిగా కూర్చుంది.

“దొంగ ఉత్తరం వస్తే తలుపు బార్లా తీశావు,” అంది చివరికి. “నిజం ఉత్తరం వస్తే పారేశావు.”

కోడలికి తల కొట్టేసినట్టయింది. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

పెద్దోడు పోయిన రెండో నెలలో లిఫ్టుల కంపెనీ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. మీ వారికి మా సంతాపం, ఆయన ఆఫీసు కాగితాలు మీకు అప్పగించడానికి ఆయన ఖాతా వివరాలు కావాలి, ఈ సాయంత్రం లోపల పంపండి అని. ఆ ఏడుపులో కోడలు పాస్‌వర్డుతో సహా పంపించేసింది. కంపెనీ పేరులో ఒక అక్షరం ఎక్కువుంది. కళ్లద్దాల షాపులో తన పనే అది, పొద్దంతా జనం చేత గోడ మీది పలక చదివించడం, ఇంకా కింది వరుస చదవండి అనడం. ఆ ఎక్కువ అక్షరం మాత్రం తన కంటికి ఆనలేదు.

నాలుగు రోజుల తర్వాత చనిపోయినవాడి పేరుతో బంధువులందరికీ మెసేజీలు వెళ్లాయి. అత్తగారి ఫోన్ వచ్చిన మెసేజీలను పైకి చదువుతుంది. ఆ మధ్యాహ్నం అది తన మరగొంతుతో చదివింది: “అమ్మా, నేను బాగానే ఉన్నాను. ఇది తెరిచి చూడు.” చీకటి పడేదాకా ఆవిడ వీధిగుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.

అప్పుడే చిన్నోడు అన్నీ మూయించేశాడు. అన్న ఖాతాలు, అన్న ఫోన్ నంబరు, అన్నీ. అమ్మ వినే రికార్డుల ఖాతా ఒక్కటే ఉంచి, దాని మెయిళ్లు వదినకి వచ్చేలా మార్చాడు. ఆఫీసులో కంప్యూటర్లు చూసేది అతనే. ఇంట్లో కూడా ఒక కట్టుబాటు పెట్టాడు. ఏ కంపెనీ నుంచి ఏం వచ్చినా సరే, తెరవొద్దు, పారెయ్యండి.

“పారేసేముందు వీణ్ణి ఒక్క మాట అడగాలనిపించలేదా?” అంది అత్తగారు. “ఇంట్లో ఆ చదువు చదివినవాడు ఉన్నాడు కదా!”

కోడలు చిన్నోడి వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు.

“అనిపించలేదత్తయ్యా.”

“ఎందుకనిపిస్తుంది? నీకు వాడి గొంతు వినడం ఇష్టం లేదు.”

“అత్తయ్యా!”

“నేను అది పెట్టినప్పుడల్లా నువ్వు మేడెక్కిపోయేదానివి. కళ్లు పోయాయి గాని చెవులు పోలేదు నాకు. మెట్ల మీద నీ అడుగులు లెక్కపెట్టేదాన్ని. పద్నాలుగు మెట్లు. వాడు పలకరించినట్టు చదువుతుంటే నువ్వు పారిపోయేదానివి.”

అదీ నిజమే. సెలవు రోజుల్లో ఆ నవ్వు వంటింట్లోకి వినిపించినప్పుడు కోడలి చేతిలో గిన్నె జారేది. మనిషి లేడు, నవ్వుంది. మేడ మీద ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి రెండు చెవులూ మూసుకునేది. మూడు వారాల కిందట ఆ మెయిల్ పారేసినప్పుడు లోపల ఎక్కడో ఒక మూల చల్లగా అనిపించింది కూడా. అది ఎవరికి చెప్పుకోగలదు?

“చిన్నోడా,” అంది అత్తగారు, కోడలు అక్కడ లేనట్టే. “ఆవిడగారిని నా గదిలోంచి వెళ్లమను.”

*

పెరట్లో బట్టలుతికే బండ మీద కోడలు కూర్చుంది. వెనకే చిన్నోడు వచ్చాడు.

“వదినా, అమ్మకి ఎందుకు చెప్పలేదు?”

“ఏం చెప్పాలి?”

అతను తన ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. మూడు వారాల కిందటి తేదీ. ఆ మెయిల్ ఫోటో తీసి ఆమె పంపింది. కింద ఆమె మాట: “ఇది నిజమేమో అనిపిస్తోంది. ఒకసారి చూడవా?” దాని కింద అతని జవాబు రెండు ముక్కలు: “బోగస్. తీసెయ్.”

“మీటింగులో ఉన్నాను,” అన్నాడు. “ఫోటో పెద్దది చేసి కూడా చూడలేదు వదినా. మీటింగు దేని మీదో తెలుసా? దొంగ మెయిళ్లు ఎలా గుర్తుపట్టాలని. నేనే చెబుతున్నాను అందరికీ.”

కోడలికి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే కన్నీళ్లయింది.

“నేను చెప్పేస్తాను అమ్మకి.”

“వద్దు.”

“తప్పు నాది కదా!”

“ఆవిడకి ఒక కొడుకు పోయాడు. ఇంకొకడి మీద కూడా నమ్మకం పోతే ఏం పట్టుకుని బతుకుతుంది? కోడల్ని ఎలాగూ తిట్టుకుంటుంది. తిట్టుకోనీ.”

“అది న్యాయం కాదు.”

“న్యాయం సంగతి తర్వాత. పారేసింది ఇంకా బుట్టలో ఉందేమో చూడు. ముప్పై రోజులు ఉంచుతారని నువ్వే అన్నావొకసారి.”

ఉంది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చదివారు. ఈసారి చిన్నోడు తొందరపడలేదు. పంపినవాళ్ల చిరునామా అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాడు. కోడలు వెనకనుంచి మళ్లీ చదివింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

“చూడు వదినా. అన్నయ్యని పూర్తి పేరుతో పిలిచారు. పాస్‌వర్డ్ అడగలేదు. మూడు వారాలు గడువిచ్చారు. దొంగవాడైతే ఈ గంటలోనే అంటాడు, మనకి ఊపిరి తీసుకునే టైమివ్వడు.” అతను మెయిల్‌లోని లింకు ముట్టుకోకుండా, కంపెనీ పేరు తన ఫోన్‌లో విడిగా కొట్టి వాళ్ల సొంత పేజీ తెరిచాడు. అక్కడా అదే ప్రకటన ఉంది. “రెండు నిమిషాల పని. ఆ రోజు ఈ రెండు నిమిషాలు…”

“అదేంటి, కింద?”

ప్రకటన అడుగున సన్నటి అక్షరాల వరస ఒకటి. కోడలే చూసింది దాన్ని. గడువు దాటిపోయినా ఏడు రోజుల్లోపు హక్కుదారులు అడిగితే తిరిగి ఇవ్వడానికి ప్రయత్నిస్తారట.

చిన్నోడి ముఖం వెలిగింది. గబగబా వివరాలు నింపుకుంటూ పోయాడు. చివరి గడి దగ్గర ఆగిపోయాడు.

“ఆరంకెల కోడ్ పంపుతారట. అది కొడితేనే.”

“ఎక్కడికి పంపుతారు?”

“అన్నయ్య నంబరుకి.”

ఆ నంబరు ఇప్పుడు వాళ్లది కాదు. చిన్నోడే తీయించేశాడు. ఇన్ని నెలల్లో ఫోన్ కంపెనీ వాళ్లు దాన్ని ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు.

*

హాల్లో బల్ల మీద చిన్నోడి ఫోన్ పెట్టారు. కోడ్ పంపమని నొక్కగానే తెర మీద పది నిమిషాల గడియారం మొదలైంది. కోడలు తన ఫోన్ స్పీకర్ మీద పెట్టి భర్త నంబరు నొక్కింది. వేళ్లు వాటంతటవే నొక్కేశాయి.

“హలో?” మగ గొంతు. వెనక పెద్ద మిషన్లు తిరుగుతున్న హోరు.

“నమస్కారమండీ. నేనెవరో మీకు తెలీదు. మీ ఫోన్‌కి ఇప్పుడే ఆరంకెల నంబరొకటి వచ్చి ఉంటుంది.”

“వచ్చింది. ఐతే?”

“అది కొంచెం చెబుతారా?”

అవతల మనిషి నవ్వాడు. “ఏమ్మా, నేనంత వెర్రివాడిలా వినిపిస్తున్నానా? ఎవరికీ చెప్పొద్దని దాని కిందే రాసుంది.”

“నిజమేనండీ, రాసుంటుంది. ఈ నంబరు ఇంతకుముందు మా ఆయనది. ఆయన పోయారు. ఆయన గొంతు రికార్డులు…”

“అందరూ ఇలాగే ఏడుస్తారమ్మా. పోయిన నెల మా లాండ్రీ ఓనరుకి ఫోన్ చేసి ఒకావిడ ఇంతకన్నా బాగా ఏడ్చింది. ఆయన చెప్పేశాడు. తెల్లారేసరికి ఆయన ఫోటోలూ, కాగితాలూ, ఇంటి గుట్టంతా ఎవరి చేతుల్లోనో ఉంది. ఆ మనిషి ఇప్పటికీ తలెత్తుకుని తిరగట్లేదు.”

అతను చేస్తున్నది సరైన పనే. దొంగ మెయిల్ వచ్చిన రోజు కోడలు చెయ్యవలసిన పని అదే.

చిన్నోడు ఫోన్ లాక్కోబోయాడు. “సార్, నేను ఆయన తమ్ముణ్ణి…”

“ఇప్పుడు తమ్ముడొచ్చాడా? ఇంకాసేపటికి పోలీసు కూడా వస్తాడు. పెట్టేస్తున్నా.”

“ఒక్క మాట!” అంది కోడలు. “మీరు చెప్పకపోయినా ఫర్వాలేదు. మిమ్మల్ని తప్పు పట్టను. కాని మేం దొంగలం కాదు. ఆయన లిఫ్ట్ మెకానిక్. వాళ్ల అమ్మ కోసం పుస్తకాలు చదివి పెట్టేవాడు. ఆవిడకి చూపు లేదు.”

మిషన్ల హోరు తగ్గింది. అతను బయటికి వచ్చినట్టున్నాడు.

“లిఫ్ట్ మెకానికా?” అన్నాడు. గొంతు మారిపోయింది. “ఆ పెద్దావిడ… రోజూ మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్ చేసేది ఆవిడేనా?”

కోడలు, చిన్నోడు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఎవరికి?” అంది కోడలు.

“నాకేనమ్మా. ఈ నంబరు తీసుకున్నప్పట్నుంచీ. మొదట్లో రాంగ్ నంబరని రెండుసార్లు చెప్పాను. తర్వాత చెప్పలేదు. ఆవిడా ఎక్కువ మాట్లాడదు. తిన్నావా అంటుంది. తిన్నానంటాను. లిఫ్టుల పని, జాగ్రత్త అంటుంది. సరేనంటాను. అంతే.”

కోడలు ఏదో అనబోయింది. వెనక అడుగుల చప్పుడైంది. అత్తగారు గోడ పట్టుకుని వచ్చి నిలబడింది. ఎంతసేపటి నుంచి ఉందో.

“ఇలా తే,” అంటూ చెయ్యి చాపింది.

కోడలు ఫోన్ ఆ చేతిలో పెట్టింది.

“బాబూ, నేనే.”

“అమ్మా! మీరేనా?” అతను ఒక క్షణం ఆగాడు. “ఇంతసేపూ మాట్లాడినావిడ ఎవరు? నమ్మొచ్చా?”

అత్తగారు ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుంది. బల్ల మీద గడియారం నాలుగు నిమిషాల మీదికి వచ్చింది. కోడలు అత్తగారి పెదవుల వైపు చూస్తూ ఉండిపోయింది. ఈ ఇంట్లో కాలుపెట్టి తొమ్మిదేళ్లయింది. తను ఎవరో ఇంకొకరు చెబితే తప్ప నిలబడని రోజు వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

“మా కోడలే,” అంది అత్తగారు. “చెప్పింది నిజమే.”

“ఐతే చెబుతానమ్మా.” అతను తటపటాయించాడు. “మీ అబ్బాయి గొంతు దొరికితే మీరింక నాకు ఫోన్ చెయ్యరేమో.”

“నువ్వు నా కొడుకువి కాదని నాకు మొదటి రోజే తెలుసు బాబూ. నాకు మతి పోలేదు.”

“తెలుసమ్మా.”

“తిన్నావా?”

“ఇంకా లేదు.”

“ముందు ఆ అంకెలు చెప్పు. చెప్పి తిను.”

అతను ఒక్కొక్కటే చెప్పాడు. అత్తగారు ఒక్కొక్కటే పైకి పలికింది. కోడలు నొక్కింది. ఆరో అంకె పడేసరికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. తెర మారింది.

చిన్నోడు పైకి చదివాడు. “మీ విన్నపం అందింది. పరిశీలించి ఫలితాన్ని మెయిల్ ద్వారా తెలియజేస్తాం. అన్నీ తిరిగి దొరుకుతాయని హామీ ఇవ్వలేం.”

“ఎన్ని దొరుకుతాయిట?”

“చెప్పలేదమ్మా. కొన్ని పోయి ఉండొచ్చు. అన్నీ పోయి ఉండొచ్చు.”

అత్తగారు కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కోడలు గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆమె చేతికి తగిలేలా బల్ల మీద పెట్టింది. ఆ చెయ్యి గ్లాసును పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు.

“అత్తయ్యా, రోజూ ఫోన్ చేస్తున్నారని నాకెందుకు చెప్పలేదు?”

“మేడ మీద ఏం చేస్తున్నావో నువ్వు నాకు చెప్పావా?”

కోడలు గ్లాసు ఇంకొంచెం దగ్గరికి జరిపింది.

అత్తగారు ముఖం చిన్నోడి గొంతు వినిపించిన వైపు తిప్పింది. “ఆ వచ్చే ఉత్తరం నువ్వే చూడు చిన్నోడా. నిజమో దొంగో నువ్వే తేల్చు. ఈసారి ఆవిడగారిని ముట్టుకోనివ్వకు.”

కొంచెం ముందు “మా కోడలే” అన్న నోటినుంచే ఆ మాటా వచ్చింది. కోడలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చూపు లేని మనిషి ముందు వాటిని తుడుచుకోవలసిన పనిలేదు. తుడుచుకోలేదు.

చిన్నోడు వదిన వైపు చూశాడు. వద్దన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. మళ్లీ ఊపింది.

అతను తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“అమ్మా,” అన్నాడు. “ఆ రోజు ఉత్తరం వచ్చినప్పుడు వదిన నన్ను అడిగింది.”

అత్తగారి చెయ్యి గాలిలో అతని ముఖం కోసం వెతికింది. చెంపకు తగిలి అక్కడే ఆగిపోయింది.

“అడిగితే,” అంది, “నువ్వేమన్నావు?”